చదివింపు లేని కట్నము

గ్రంథవిమర్శ యనగానే మనవారికి కావ్యమో, నాటకమో, నవలయో తలపునకు వచ్చును. అయితే నేడు మన దేశమున ఏటేట వేలకొలది పుటలుగా వెలువడుచు, ఎవరును చదువకయే మూలబడుచున్న గద్యవాఙ్మయ మొకటి కలదు. అది కంపెనీల వార్షిక నివేదికల వాఙ్మయము. దానికి కర్త యెవడో తెలియదు. పాఠకుడు లేనే లేడు. అయినను పెక్కు కావ్యములకంటె అదియే మన బ్రతుకులను శాసించుచున్నది. ఆ వాఙ్మయమునుండి ఒక్క అధ్యాయమును, అందును ఒక్క పుటను దీసికొని, పద్యమును పరీక్షించునట్లే పరీక్షింప నేడు పూనుకొనుచున్నాను. పాఠకమహాశయులు దీనిని వెఱ్ఱిపని యనుకొనక కడదాక చదువవలెనని ప్రార్థన.

ఈ పనికి నన్ను పురికొల్పినది పండితుడెవడును గాడు. మా పూడూరి పాఠశాలలో పదవతరగతి చదువు బాలిక. ఎన్నికల పాఠము చెప్పుచు, పదునెనిమిదేండ్లు నిండిన ప్రతి పౌరునకును ఒక్కటే వోటనియు, ధనికునకు రెండు లేవనియు, దరిద్రునకు సగము కాదనియు నేను గంభీరముగా ఉపన్యసించుచుండగా ఆ పిల్ల లేచి, “సార్, కంపెనీకి ఓటుంటదా?” అని యడిగినది. లేదంటిని. “మరి పార్టీలకు కంపెనీలు పైసలెందుకిస్తయి సార్?” అని మరల నడిగినది. తరగతి యంతయు నవ్వినది. నాకు మాత్రము నవ్వు రాలేదు. ఇంతలో గంట మ్రోగుటచే నాటికి బ్రతికిపోయితిని గాని, ఆ ప్రశ్న నన్ను విడువలేదు. ఈ వ్యాసము ఆ పిల్లకు నేను బాకీపడిన సమాధానము.

ముందుగా మూలమును జూతము. 2019లో కేంద్రప్రభుత్వము బాధ్యతాయుతమైన వ్యాపారప్రవర్తనకు జాతీయ మార్గదర్శకములను వెలువరించెను. అందు సూత్రములు 9. ఏడవ సూత్రపు తాత్పర్యమిది: వ్యాపారసంస్థలు ప్రభుత్వవిధానములను ప్రభావితము చేయబూనినప్పుడు ఆ పనిని బాధ్యతతోను పారదర్శకముగాను చేయవలయును. వాటాల మార్కెట్టును నియంత్రించు సెబీ యను సంస్థ ఈ సూత్రముల ననుసరించి 2021లో ఒక నివేదికాపత్రమును సిద్ధపఱచి, మార్కెట్టు విలువనుబట్టి మొదటి 1000 కంపెనీలు 2022–23 సంవత్సరమునుండి దానిని విధిగా నింపవలయునని శాసించెను.

సూత్రము ఉదాత్తముగానే యున్నది. పత్రములో దాని క్రింద అడిగిన ప్రశ్న లేవి? విధిగా చెప్పవలసినవి రెండు: మీరెన్ని వాణిజ్యమండలులలో సభ్యులు, వానిలో ముఖ్యమైన పదింటి పేరులేవి? పోటీకి భంగము కలిగించితిరని మీపై ఆజ్ఞలు వెలువడినచో మీరు చేసికొన్న దిద్దుబాటేమి? ఇంతే. ఏ విధానము కావలయునని ప్రభుత్వమును గోరితిరి, ఏ మార్గమున గోరితిరి, ఆ సంగతి ప్రజలకు తెలిసినదా యను ప్రశ్నయు కలదు గాని, అది ఇష్టమున్నవారు చెప్పదగిన భాగమున నుంచబడినది. ఏ రాజకీయపక్షమునకు ఎంత ధనమిచ్చితిరను ప్రశ్న యీ అధ్యాయమున మొదలే లేదు.

మమ్మటుని కావ్యప్రకాశములో ఏడవ ఉల్లాసము దోషప్రకరణము. మన పత్రములోను దోషములకు నెలవైనది ఏడవ సూత్రమే యగుట కాకతాళీయము. ఆ ప్రకరణమందలి రెండు దోషము లిచ్చట స్పష్టముగా కనబడుచున్నవి. మొదటిది న్యూనపదము: వాక్యార్థమునకు ఆవశ్యకమైన పదము లోపించుట. ఇచ్చట లోపించిన పదము ‘డబ్బు’. ప్రభుత్వవిధానమును ప్రభావితము చేయుటను గుఱించి అధ్యాయము వ్రాసి, అందు డబ్బు మాట యెత్తకుండుట, సముద్రమును వర్ణించుచు నీటిని మఱచుట వంటిది. రెండవది అవిమృష్టవిధేయాంశము: ప్రధానముగా చెప్పవలసినదానిని అప్రధానముగా మఱుగుపఱచుట. ఏమి గోరితిరను ప్రశ్న ప్రధానము. దానిని ఐచ్ఛికభాగమునకు నెట్టి, సభ్యత్వముల పట్టికను ముందు నిలిపిరి. ఆ పట్టిక చదివినవానికి కంపెనీ ఏ సభలలో కూర్చుండునో తెలియును గాని, ఎవరి గడప త్రొక్కినదో తెలియదు.

ఇది యేదో కాగితపు లోపము, దీనికింత చర్చయేల యని కొందఱనవచ్చును. కాగితమున లోపించిన ఒక్క పదము రాజ్యమున కెంత నష్టము తెచ్చునో మన గడ్డయే యెఱుగును. 1886లో నిజాము ప్రభుత్వము తన రాజ్యమందలి గనుల త్రవ్వకపు హక్కును లండనునకు చెందిన కొందఱు వ్యాపారుల కిచ్చెను. హైదరాబాదు దక్కను మైనింగు కంపెనీ యను పేర సంస్థ యేర్పడినది. వాటాలలో అధికభాగము హక్కు సంపాదించినవారికే దక్కినది. ప్రభుత్వము పక్షమున బేరము నడిపిన అబ్దుల్ హక్ అను అధికారికి ఆ లాభములో రహస్యభాగమున్నట్లును, ఆయన తన వాటాలను నిజాము ప్రభుత్వమునకే అమ్మించినట్లును తరువాత బయటబడినది. 1888లో బ్రిటిషు కామన్సు సభ ప్రత్యేకసంఘము నియమించి ఈ వ్యవహారమును విచారించినది. ఆ కంపెనీయే 1920లో సింగరేణి కాలరీస్ అయినది. నేడు మన యిండ్లలో దీపము వెలుగుటకు ఆ బొగ్గే యొక కారణము.

ఈ కథలో తప్పెక్కడ నున్నది? గనిని కంపెనీ కిచ్చుట తప్పు కాదు. కంపెనీ లాభము గోరుట తప్పు కాదు. ఇచ్చువాడును పుచ్చుకొనువాడును తెఱవెనుక ఒక్కడే యగుట, ఆ సంగతి యెవరికిని చెప్పకుండుట తప్పు. కంపెనీనీతి యంతయు ఈ ఒక్క వాక్యములో నున్నదని నా యభిప్రాయము.

స్వతంత్రభారతమున ఈ ప్రశ్న మరల తల యెత్తినది 1957లో. టాటా ఇనుము ఉక్కు కంపెనీవారు రాజకీయపక్షములకు చందా లిచ్చుటకు వీలుగా తమ నిబంధనపత్రమును మార్చుకొన ననుమతి గోరి బొంబాయి హైకోర్టుకు పోయిరి. చట్టము నిషేధింపలేదు గనుక కోర్టు అనుమతింపక తప్పలేదు. కాని ప్రధానన్యాయమూర్తి ఎం. సి. ఛాగ్లా, ఇది ప్రజాస్వామ్యమునకు ప్రమాదమనియు, పార్లమెంటు దీనిని పరిశీలింపవలయుననియు తీర్పులోనే హెచ్చరించెను.

పార్లమెంటు ఆ తరువాత నడచిన త్రోవ చిత్రమైనది. 1960లో కంపెనీ చందాలకు మితి విధించి, వానిని లెక్కలలో చూపవలయుననెను. 1969లో కంపెనీల చందాలను పూర్తిగా నిషేధించెను. నిషేధముచే చందాలు ఆగలేదు. నల్లధనమై నేలలోపలి కాలువల పారినవి. 1985లో నిషేధము నెత్తివేసి, మూడేండ్ల సగటు లాభములో 5 శాతము మించరాదనెను. 2013 నాటి కంపెనీల చట్టము 182వ సెక్షనులో ఆ మితి 7.5 శాతమైనది, ఏ పక్షమున కెంత యిచ్చితిరో లాభనష్టముల పట్టికలో పేరుతో చూపవలయునను నియమము నిలిచినది. 2017లో ఆర్థికచట్టము ద్వారా ఆ మితిని తొలగించిరి. పక్షము పేరు చెప్పవలసిన నియమమును తొలగించిరి. లాభములో భాగమను మాట పోవుటచే, లాభము లేని కంపెనీకి సైతము చందా యిచ్చు వెసులుబాటు కలిగినది. నష్టములో మునిగినవాడు దానము చేయుచున్నచో ఆ సొమ్మెవరిదో యని పసిపిల్లవాడైన అడుగును గదా!

ఈ మార్పులతో కలిసి వచ్చినదే ఎన్నికల బాండ్ల పథకము. 2018 జనవరి 2న ప్రకటితమైన ఈ పథకము ననుసరించి, భారతీయ స్టేటు బ్యాంకులో వేయి రూపాయలనుండి కోటి రూపాయలవఱకు బాండు కొని, పక్షమునకు ఈయవచ్చును. పక్షము పదునైదు దినములలో దానిని సొమ్ముగా మార్చుకొనును. ఇచ్చినవాడెవడో ప్రజలకు తెలియనక్కఱలేదు.

ఇచ్చట శబ్దవిచారము కొంత చేయవలసియున్నది. మన పల్లెలలో బాండు అనగా అప్పుపత్రము. అందు అప్పిచ్చినవాని పేరు, పుచ్చుకొన్నవాని పేరు, సాక్షుల వ్రేలిముద్రలు ఉండవలయును. లేనిచో దానిని ఎవడును బాండనడు. ఈ బాండుపై ఇచ్చినవాని పేరు లేదు, పుచ్చుకొన్నవాని పేరు లేదు, సాక్షి లేడు. పేరు మాత్రము బాండు. పథకకర్తలు తెలిసి పెట్టినను తెలియక పెట్టినను ఆ పేరులో నొక సత్యము దాగియున్నది: ఇది దానము కాదు, అప్పు.

మన పెండ్లిండ్లలోని చదివింపులను దలచుకొనుడు. పందిటిలో నొకడు పుస్తకము ముందు బెట్టుకొని కూర్చుండును. ఫలానా యూరినుండి ఫలానావారు నూటపదాఱు రూపాయలు కట్నము చదివించినారని బిగ్గరగా చెప్పి వ్రాసికొనును. నాగరకులు కొందఱు దీనిని మోటుతనమందురు. నేనును చిన్ననాడు అట్లే అనుకొంటిని. ఇప్పుడు ఆలోచింపగా అందలి వివేకము తెలియుచున్నది. కట్నము ఊరక యిచ్చునది కాదు. ఇచ్చినవారి యింట పెండ్లి జరిగినప్పుడు తిరిగి యీయవలసినది. పుచ్చుకొనుట యనగా బాకీపడుట. కావుననే పెద్దలు దానిని అందఱు వినునట్లు చదివించిరి. ఎవడెవనికి బాకీయో ఊరికి తెలిసియున్నచో, రేపు వారిద్దఱు ఒకరి పక్షమున ఒకరు మాటలాడునప్పుడు ఆ మాట బరువెంతయో ఊరు తూచుకొనగలదు. ఎన్నికల బాండు చదివింపు లేని కట్నము. బాకీ యున్నది, పుస్తకము మాత్రము బీరువాలో దాగినది.

2024 ఫిబ్రవరి 15న ప్రధానన్యాయమూర్తి డి. వై. చంద్రచూడ్ అధ్యక్షతన అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ఏకగ్రీవముగా ఈ పథకమును రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేసినది. వోటరునకు తెలిసికొను హక్కు వాక్స్వాతంత్ర్యములో భాగమని యందు నిర్ణయించిరి. కంపెనీల చందాకు మితి తీసివేయుట నిరంకుశమనియు, మనుష్యుని చందాను కంపెనీ చందాను ఒక్క త్రాట గట్టరాదనియు, కంపెనీ యిచ్చునది ప్రతిఫలాపేక్షగల వ్యాపారవ్యవహారమనియు తీర్పు వివరించినది. బ్యాంకు గడువు గోరగా మార్చి 11న నిరాకరించిరి. మార్చి 14న ఎన్నికల సంఘము పట్టికలను ప్రకటించినది. 2019 ఏప్రిలు 1 మొదలు తీర్పు దినమువఱకు కొన్న బాండ్లు 22,217.

ఆ పట్టికలో మొదటి పేరు 1,368 కోట్ల రూపాయలతో ఫ్యూచర్ గేమింగ్ అను లాటరీ సంస్థది. రెండవ పేరు మన హైదరాబాదునకు చెందిన మేఘా ఇంజనీరింగ్ కంపెనీది, 966 కోట్లు. కాళేశ్వరపు ఎత్తిపోతలలో పంపుగృహములు కట్టినవారు వీరే. ఔషధకంపెనీల పేరులు, ఆసుపత్రుల పేరులు మన నగరమునుండి మఱికొన్ని కలవు. పుచ్చుకొన్నవారిలో భారతీయ జనతా పార్టీకి 6,000 కోట్లకు పైగా ముట్టినది; మన భారత రాష్ట్ర సమితికి సుమారు 1,200 కోట్లు; ఆంధ్రదేశమున వై. ఎస్. ఆర్. కాంగ్రెసునకు 300 కోట్లకు పైగా, తెలుగుదేశమునకు 200 కోట్లకు పైగా ముట్టినవి. కాంగ్రెసువారు పుచ్చుకొనకపోలేదు; వారి పాలు 1,400 కోట్లకు పైమాటే. కావున ఏ పక్షమువాడును ఇంకొక పక్షమువైపు వ్రేలు చూపి తప్పించుకొనజాలడు.

ఇచ్చట నేను న్యాయము తప్పి మాటలాడరాదు. ఆ బాండ్లు కొన్ననాడు అవి చట్టసమ్మతములే. కొన్న ప్రతివాడును దేనికో ప్రతిఫలముగా కొనెనని నిరూపితము కాలేదు. ప్రత్యేకదర్యాప్తు జరిపింపుమని వేసిన అర్జీలను సుప్రీంకోర్టే 2024 ఆగస్టు 2న తిరస్కరించినది. కావున ఫలానావారు లంచమిచ్చిరని నేననుట లేదు. నేననునది వేఱు: ఇచ్చినది చందాయో లంచమో తెలిసికొను సాధనమునే మనకు లేకుండ జేసిరి. అనుమానము నిర్దోషిమీదను దోషిమీదను సమముగా పడుచున్నదన్నచో, ఆ నష్టము నిర్దోషియైన వ్యాపారికే ఎక్కువ. రహస్యము దొంగను కాపాడును, దొరను కాపాడదు.

తాండూరు ప్రాంతమున ఱాతివ్యాపారము చేయు నా మిత్రుడొకడు ఈ వాదము విని నవ్వెను. “సార్, మీరు బళ్ళె కూసుండి చెప్తరు. పేరు బయటపడితే ఓడినోడు గెలిచిన్నాడు మమ్ముల బతకనిస్తడా?” అని యడిగెను. ప్రభుత్వము కోర్టులో చెప్పిన సమాధానమును ఇదియే: దాతను పగనుండి కాపాడుటకే రహస్యమని. ఈ భయము కల్పితము కాదు. కాని, ఆ రహస్యమెవరినుండి? బ్యాంకు ప్రభుత్వరంగమునది, బాండుపై మామూలు కంటికి కనబడని సంఖ్య యొకటి యుండెను, కొన్నవాని వివరములు బ్యాంకు పుస్తకములో నుండెను. అధికారమందున్నవానికి తెలియగల సంగతి, అధికారము లేనివానికి తెలియదు. వోటరునకు అసలే తెలియదు. పగ తీర్చుకొను శక్తిగలవాని కన్నులు తెఱచియుంచి, పగ లేని జనుల కన్నులు గట్టిన రహస్యమిది. నా మిత్రుని భయమునకు మందు చీకటి కాదు. అందఱి పేరులును ఒక్కమారే వెలుగులోనికి వచ్చుట. నలుగురిలో చదివిన కట్నమునకు పగబట్టుట ఎంతటివానికైనను సులభము కాదు.

ఇంకొక వింతను గమనింపుడు. అదే కంపెనీల చట్టములో 135వ సెక్షను, కొంత స్థాయికి మించిన కంపెనీలు తమ సగటు లాభములో 2 శాతము సమాజసేవకు వెచ్చింపవలయుననుచున్నది. బడికి మరుగుదొడ్డి కట్టించినను ఎక్కడ, ఎంత, ఎవరి ద్వారా యని నివేదికలో వ్రాయవలయును. పల్లెబడి మరుగుదొడ్డికి లెక్క యడిగిన చట్టము, పాలకపక్షపు ఖజానాకు పోవు కోట్లకు ఏడేండ్లపాటు పేరడుగలేదు!

తీర్పుతో పాతనియమములు తిరిగి వచ్చినవి, 7.5 శాతము మితియు, పేరు చూపు విధియు మరల అమలులో నున్నవి. ఇక భయమేల యందురా? మూడు లోపము లింకను నిలిచియున్నవి.

మొదటిది: చందా యిచ్చుటకు డైరెక్టర్ల తీర్మానము చాలును, వాటాదారుల నడుగనక్కఱలేదు. డైరెక్టర్లు పెద్దమనుష్యులు గదా యని మనము నమ్మవలయునా? మన సత్యం కంపెనీనే జ్ఞప్తికి దెచ్చుకొందము. ఉత్తమపాలనకు బహుమానము పొందిన 2008 సంవత్సరముననే, డిసెంబరు 16న, ఆ డైరెక్టర్ల సభ అధ్యక్షుని కుటుంబమునకు చెందిన మేటాస్ సంస్థలను 160 కోట్ల డాలర్లకు కొనుటకు సమ్మతించినది. ఆ సభలో ప్రసిద్ధులైన ఆచార్యులుండిరి. మాజీ కేబినెట్ కార్యదర్శి యుండెను. ఒక్కరును అడ్డుచెప్పలేదు. వార్త బయటపడగానే మదుపరులు మండిపడిరి. మఱునాటికే కంపెనీ వెనుకకు తగ్గినది. 2009 జనవరి 7న రామలింగరాజు ఉత్తరముతో లెక్కల మోసమంతయు బయటపడినది. పండితులు నిండిన సభ ఆపలేని పనిని సొమ్ముగలవారి కేక ఒక్కరాత్రిలో ఆపినది. ఏలయన, ఆ సంగతి వారి చెవిని బడినది. బ్రిటనులో 2006 నాటి కంపెనీల చట్టము ననుసరించి, ఏడాదికి 5,000 పౌన్లు మించిన రాజకీయచందాకు వాటాదారుల తీర్మానము ముందుగా కావలయును. మనకది యేల కూడదు?

రెండవది: ఎలక్టొరల్ ట్రస్టుల మార్గము. పలు కంపెనీల సొమ్ము ఒక కుండలో పోసి, ఆ కుండనుండి పలు పక్షములకు వడ్డించుదురు. ఇచ్చినవారి పట్టికయు, పుచ్చుకొన్నవారి పట్టికయు రెండును కనబడును. ఎవరి చుక్క యెవరి గ్లాసులో పడినదో మాత్రము కనబడదు. పైగా సంవత్సరాంతమున వచ్చు ఈ పట్టికలు ఎన్నిక ముగిసిన పిమ్మటగాని వోటరునకు చేరకపోవచ్చును. పెండ్లియైన ఏడాదికి కట్నములు చదివిన నేమి లాభము?

మూడవది: డబ్బు లేకుండ జరుగు వ్యవహారము. దీనిని ఆంగ్లమున లాబీయింగు అందురు. లాబీ యనగా సభామందిరపు ముంగిటి సావడి. మన పల్లెలలోను చావడి యున్నది. అచ్చట మాటలాడిన మాట పదిమందికి వినబడును. వారి లాబీలో మాటలాడిన మాట ఇద్దఱికే వినబడును. పేరు సమానమే గాని ధర్మము వేఱు. కంపెనీ తన కష్టమును ప్రభుత్వమునకు చెప్పుకొనుట తప్పు కాదు. రైతు చెప్పుకొనడా, ఉపాధ్యాయుడు చెప్పుకొనడా? కాని మేము ధర్నాచౌకులో కూర్చుండి చెప్పుకొందుము. మా కోరికలు జెండాలపై వ్రాసియుండును. 2012 డిసెంబరులో, వాల్‌మార్టు కంపెనీ 2008నుండి సుమారు రెండున్నర కోట్ల డాలర్లు లాబీయింగునకు వెచ్చించినదనియు, ఆ విషయములలో భారతదేశపు విపణి ప్రవేశమును ఒకటనియు తెలిసినప్పుడు మన పార్లమెంటు అట్టుడికినది. 2013లో న్యాయమూర్తి ముకుల్ ముద్గల్ విచారణసంఘము నియమితమైనది. నిశ్చయముగా ఏమియు తేలలేదు. ఆ సంగతి మనకు తెలిసినదెట్లు? 1995 నాటి అమెరికా చట్టము ననుసరించి ఆ కంపెనీ వారి సెనేటుకు సమర్పించిన పత్రమువలన. మన యింటి సంగతి పొరుగింటి పుస్తకమునుండి తెలిసికొనవలసివచ్చినది. అట్టి చట్టము మన దేశమున నేటికిని లేదు.

అమెరికా స్వర్గమని నేననను. 2010 నాటి తీర్పొకటి అచ్చటి కంపెనీలు ఎన్నికల ప్రచారమున స్వతంత్రముగా ఎంతైన వెచ్చించుటకు ద్వారములు తెఱచినది. అయినను కేంద్రప్రభుత్వపు కాంట్రాక్టు చేయుచున్నవాడు ఎన్నికల చందా ఈయరాదను నియమము 1940నుండి అచ్చట నున్నది. మన చట్టము ప్రభుత్వకంపెనీలను, మూడేండ్లు నిండని కంపెనీలను మాత్రము వారించుచున్నది. ప్రభుత్వపు పనులపైననే బ్రతుకు కంపెనీని వారింపదు. ప్రాజెక్టు కట్టువానికిని కట్టించువానికిని నడుమ కట్నములు నడచుట ఎంత హితమో పాఠకులే యోచింపవలయును.

ఇదంతయు కోటీశ్వరుల గొడవ, బడిపంతులున కేల యను ప్రశ్న కడపట మిగిలినది. 2004 సెప్టెంబరు 1 తరువాత ఉద్యోగమున జేరినవారము గనుక నావంటివారికి పాతపింఛను లేదు. నెలనెల మూలవేతనములోను కరువుభత్యములోను 10 శాతము కోతబడి పింఛనునిధికి పోవును. ఆ నిధిలో కొంతభాగము పెద్ద కంపెనీల వాటాలుగా మారును. అనగా నేను, నాతోడి ఉపాధ్యాయులు, మాకు తెలియకయే ఆ కంపెనీల యజమానులలో పరమాణుమాత్రులము. ఆ కంపెనీ పక్షమునకు చందా యిచ్చినప్పుడు అందు నా వార్ధక్యమునకు దాచిన పైస యొకటి యుండవచ్చును. నేను వోటు వేసిన పక్షమునకు వ్యతిరేకముగ నా పైస పనిచేయవచ్చును. నన్నెవరు అడిగిరి? నాకెవరు చెప్పిరి? వోటు నాది రహస్యము, ఉండవలసినదే. ఏలయన, బలవంతునినుండి బలహీనుని కాపాడు రహస్యమది. కంపెనీ చందా రహస్యము దానికి సరిగా తలక్రిందు.

కావున నా సూచన లల్పములు. ఏడవ సూత్రపు పత్రమున ఒక్క వరుస చేర్పుడు: ఏ పక్షమునకు, ఏ ట్రస్టు ద్వారా, ఏ తేదీన, ఎంత. ఐచ్ఛికభాగమందలి ప్రశ్నను విధిభాగమునకు తెండు. చందాకు ముందు వాటాదారుల సమ్మతి గొనుడు. మా పక్షమున వాటాలు పట్టుకొన్న పింఛనునిధుల నిర్వాహకులు ఆ సభలో నోరు తెఱచి అడుగవలయును. విధానమును గుఱించి కంపెనీవారు మంత్రులను, అధికారులను కలిసికొన్నప్పుడు ఆ దినము, ఆ విషయము ఒక పుస్తకమున వ్రాసి చావడిలో నుంచుడు. వీనిలో ఏదియు విప్లవము కాదు. పెండ్లిపందిటిలో మన తాతలు చేసిన పనియే.

ఇక ఆ బాలికకు నా సమాధానము. అమ్మా, కంపెనీకి వోటు లేదు. వోటు లేనివాడు పైస లిచ్చుచున్నాడన్నచో, వోటుకంటె గట్టిదేదో కొనదలచినాడేమో యని నీవు శంకించుట తప్పు కాదు. ఆ శంక తీర్చుట ఇచ్చినవాని బాధ్యత, పుచ్చుకొన్నవాని బాధ్యత. నీకింకను మూడేండ్లలో వోటు వచ్చును. అప్పుడు నీ ముంగిటికి వచ్చిన ప్రతి అభ్యర్థిని, ఏ పక్షమువాడైనను సరే, ఒక్క ప్రశ్న యడుగుము: “కట్నాల పుస్తకమేది?” తరగతి నవ్వినను ఫరవాలేదు.